నాన్నగారి షష్టిపూర్తికి మెకానికల్ వాచీ: డయల్ పనితనం తెలిసినవాళ్లు సలహా ఇవ్వండి

యార్డ్ సాయి, గుంటూరు
శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది అరండల్‌పేట. నాన్నగారికి ఫిబ్రవరిలో షష్టిపూర్తి. ముప్పై ఐదేళ్లుగా మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తున్నారు. పెళ్లిలో అమ్మమ్మగారి వాళ్లు పెట్టిన హెచ్‌ఎంటీ జనతా ఇప్పటికీ ఆయన చేతికే ఉంది. రోజూ పొద్దున ఆరింటికి కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, వాచీ విప్పి, చొక్కా కొసతో అద్దం తుడిచి, కీ ఇస్తారు. ఆ కిరకిర వినపడితే ఇంట్లో తెల్లారినట్టు.

అక్క, నేను కలిసి ఐదు లక్షల వరకు పెడదామనుకున్నాం. సెల్లు వేసేది వద్దు. ఆయన అలవాటు పోకూడదు. డయల్ మాత్రం మంచి పనితనంతో ఉండాలని అక్క కోరిక. నిన్న విజయవాడ బందరు రోడ్డులో ఒక షోరూంకి వెళ్లాం. మూడు చూపించారు. ఒకటి లోపలి చక్రాలన్నీ కనపడే స్కెలిటన్. రెండోది నీలం రంగు మీద అలల్లాంటి సన్నగీతలు, గిలోషే అన్నారు. మూడోది తెల్ల ఎనామిల్, నల్ల రోమన్ అంకెలు. ఈ మూడోది మా కళ్లకి సాదాగా కనిపించింది, కానీ ఆ అబ్బాయి చేతిపనంటే దీనిదే అన్నాడు. ఏం చూసి అలా అంటారో అర్థం కాలేదు. కొనేముందు తెలుసుకోవాలని అడుగుతున్నాను.

కిరణ్, బెంజ్ సర్కిల్
శనివారం రాత్రి 10:05

సాయి, షష్టిపూర్తి అంటే నలుగురూ చూస్తారు. పేరున్న స్విస్ కంపెనీది, బంగారు రంగు స్కెలిటన్ తీసుకో. చూడగానే ఖరీదైందని తెలుస్తుంది. రేపు అమ్మినా రేటు పలుకుతుంది. తెల్ల డయల్ పెట్టుకుంటే ఆయన పాత వాచీకి, దీనికి తేడా ఎవరికీ కనపడదు.

వన్‌టౌన్ బాబాయ్
ఆదివారం ఉదయం 6:20

సాయి బాబూ, నేను నలభై రెండేళ్లు వాచీలు బాగుచేశాను. ఇప్పుడు చూపు తగ్గి మానేశాను. నాలుగు మాటలు చెప్తాను.

ముందు మీ నాన్నగారి కళ్ల సంగతి చెప్పు. అరవై దాటాక స్కెలిటన్ వాచీలో టైం చూడటం కష్టం. ముళ్ల వెనక చక్రాలు కదులుతూ ఉంటాయి, చక్రమూ మెరుస్తుంది, ముల్లూ మెరుస్తుంది. యార్డులో కాటా దగ్గర ఒక్క చూపులో టైం తెలియాలి కదా. నా దగ్గరికి స్కెలిటన్ తెచ్చిన పెద్దవాళ్లు చాలామంది ఆర్నెల్లకే బీరువాలో పెట్టేశారు.

రెండోది, డయల్‌ని అలంకారం అనుకోకు. మెషీన్‌లో ఏ భాగం పోయినా ఏదో రకంగా తెప్పించి వేయొచ్చు. స్ప్రింగ్ విరిగితే కొత్తది వేస్తాం, బ్యాలెన్స్ చక్రం ఇరుసు కొస విరిగితే ఇరుసే మారుస్తాం. డయల్ పోతే ఆ వాచీ మొహమే పోయినట్టు. అందుకే డయల్ చూసి కొనాలన్న మీ అక్క ఆలోచన నాకు నచ్చింది.

ఎనామిల్ సంగతి మన కొత్తపేట లక్ష్మిగారు నాకంటే బాగా చెప్తారు. వాళ్లది కంసాలి కుటుంబం.

కొత్తపేట లక్ష్మి
ఆదివారం ఉదయం 8:15

బాబాయ్ గారు పిలిచాక రాయకుండా ఉండలేను. మా నాన్న, అన్నయ్యలు బంగారం పని చేస్తారు. మేం మీనా పని అనేదాన్నే వాచీల వాళ్లు ఎనామిల్ అంటారు. రంగు వేయడం వేరు, ఇది వేరు. ఎనామిల్ అంటే గాజు.

గాజుని మెత్తగా నూరి, కడిగి, పొడి చేస్తారు. పల్చటి రాగి బిళ్ల మీద ఆ పొడిని సమానంగా చల్లి కొలిమిలో పెడతారు. 800 డిగ్రీలు దాటిన వేడికి పొడి కరిగి బిళ్లని పట్టుకుంటుంది. చల్లారాక చూసి, మళ్లీ పొడి, మళ్లీ కొలిమి. ఇలా చాలాసార్లు. ఫ్రెంచిలో దీన్ని గ్రాండ్ ఫూ అంటారు, పెద్ద మంట అని అర్థం. బిళ్ల వెనకవైపు కూడా ఎనామిల్ పూయాలి. ఒకవైపే పూస్తే చల్లారేటప్పుడు రాగి ఒక తీరుగా, గాజు ఒక తీరుగా ముడుచుకుని బిళ్ల వంగిపోతుంది. దుమ్ము రేణువు ఒక్కటి పడినా నల్ల చుక్క తేలుతుంది. లోపల గాలి బుడగ ఉంటే ఆఖరి కాల్పులో పైకొచ్చి గుంట పడుతుంది. అప్పుడా డయల్ పారేయాల్సిందే, అతుకు వేయడం కుదరదు. సాయి గారూ, మీకు సాదాగా కనిపించిన తెలుపు అలా తయారైంది. పూలూ లతలూ ఉంటే చిన్న మచ్చ వాటిలో కలిసిపోతుంది. తెల్ల డయల్లో దాచుకోవడానికి చోటే లేదు.

ఇందులోనే ఇంకా రకాలున్నాయి. బంగారంలో గుంటలు చెక్కి వాటిలో గాజు నింపితే షాంప్లెవే, మన జైపూర్ మీనాకారీ పద్ధతి ఇదే. సన్నటి బంగారు తీగని వంచి గీతలుగా నిలబెట్టి, ఆ గళ్లలో రంగులు నింపితే క్లోజొన్నే. ఈ తీగ పని నాకు మరీ ఇష్టం. పెళ్లి వంకీ మీద తీగ చుట్టడానికే మా అన్నయ్య ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. అలాంటిది రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద చోటులో పక్షి రెక్కలు తీగతో గీయాలంటే ఎంత నేర్పు కావాలో! జెనీవాలో 1755 నుంచి ఉన్న వాషెరాన్ కాన్‌స్టాంటిన్, 1839లో మొదలైన పాటెక్ ఫిలిప్ ఇప్పటికీ అలాంటివి చేయిస్తున్నాయి. అవి మన బడ్జెట్‌కి అందవు, కానీ పని ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే వాటి ఫొటోలు చూడండి.

జపాన్ వాళ్లనీ తక్కువ చేయకండి. 1913లో సీకో చేసిన లారెల్ ఆ దేశపు మొదటి చేతి గడియారం. దాని డయల్ కూడా ఎనామిలే.

ఆటోనగర్ లేత్
ఆదివారం ఉదయం 11:30

నేను విజయవాడ ఆటోనగర్‌లో లేత్ వర్క్‌షాప్ నడుపుతాను. గిలోషే గురించి నేను చెప్తాను, ఎందుకంటే అదీ లేతే.

మన లేత్‌లో జాబ్ గుండ్రంగా తిరుగుతుంది, టూల్ ముందుకొస్తుంది. రోజ్ ఇంజిన్ అనే మెషీన్‌లో జాబ్ తిరుగుతూ అటూ ఇటూ ఊగుతుంది కూడా. వెనక పువ్వు రేకుల అంచున్న చక్రం ఉంటుంది, ఆ వంపుల ప్రకారం ఊపు వస్తుంది. పనివాడు ఒక చేత్తో హ్యాండిల్ తిప్పుతూ, రెండో చేత్తో కటర్‌ని నొక్కి పట్టుకుంటాడు. కరెంటు, కంప్యూటర్ ఏమీ లేవు. ఒత్తిడి కొంచెం ఎక్కువైతే గీత లోతుగా పడి తేడా కొడుతుంది. వాడుకలో ఉన్న రోజ్ ఇంజిన్లలో చాలావరకు వందేళ్ల నాటివే, వాటినే బాగుచేసుకుంటూ వాడుతున్నారు. నాకు అలాంటిది ఒక్కసారి ముట్టుకోవాలని ఉంది.

దీన్ని వాచీ డయల్ మీదికి తెచ్చింది అబ్రహాం లూయీ బ్రెగె, 1786 ప్రాంతంలో. అందం ఒక్కటే కారణం కాదు. నున్నగా మెరిసే వెండి డయల్ మీద వెలుతురు పడితే అంకెలు కనపడవు. సన్నగీతలు కోస్తే మెరుపు విరిగి కళ్లకి హాయిగా ఉంటుంది. సెకన్ల చోట ఒక నమూనా, గంటల చోట ఇంకోటి వేస్తే ఏది ఎక్కడుందో చూపుకి తెలుస్తుంది. అప్పట్లోనే నకిలీలు ఎక్కువై, 1795లో ఆయన డయల్ మీద పక్కవాటుగా చూస్తేనే కనపడే రహస్య సంతకం మొదలుపెట్టాడు.

సాయి, నీకు చూపించిన నీలం డయల్ కటర్‌తో కోసిందా, అచ్చుతో ఒత్తిందా అన్నది తేల్చుకో. అచ్చు వేసిన దాంట్లో గీతల శిఖరాలు కాస్త మొద్దుగా ఉంటాయి. కటర్‌తో కోసిన లోహం గీత లోపల అద్దంలా మెరుస్తుంది, వాచీ తిప్పితే వెలుగు ఒక గీత మీంచి ఇంకో గీత మీదికి టక్కున దూకుతుంది. పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం తీసుకెళ్లు. అడిగితే షోరూం వాళ్లే ఇస్తారు.

నీ ఐదు లక్షల్లో పేరున్న కొత్త స్విస్ వాచీలో చేత్తో కోసిన గిలోషే దొరకడం కష్టమనే నా అభిప్రాయం. అలాగని అచ్చు వేసిందంతా చవక రకం అనుకోవద్దు. గ్రాండ్ సీకో వైట్ బర్చ్ అనే వాచీ డయల్ అచ్చుతో ఒత్తిందే. జపాన్‌లోని ఇవాతెలో వాళ్ల స్టూడియో దగ్గరున్న బర్చ్ చెట్ల బెరడు చూసి ఆ అచ్చు చెక్కారు. 2021లో జెనీవా గ్రాండ్ ప్రీ అనే వాచీల పోటీలో మగవాళ్ల వాచీ బహుమతి దానికే వచ్చింది. అచ్చుని అచ్చు అని చెప్పి అమ్మితే ఇబ్బందేం లేదు. అచ్చు వేసి చేతిపని ధర అడిగితేనే బాధ.

కిరణ్, బెంజ్ సర్కిల్
ఆదివారం మధ్యాహ్నం 1:10

అన్నా, అన్నీ బాగానే ఉన్నాయి. కానీ భూతద్దం పెట్టుకుంటేనే కనపడే పనికి అంత డబ్బు ఎందుకు పెట్టాలి? ఫంక్షన్‌కి వచ్చినవాళ్లు ఎవరూ భూతద్దం తీసుకురారు కదా. నిజంగానే అడుగుతున్నాను.

కొత్తపేట లక్ష్మి
ఆదివారం మధ్యాహ్నం 1:45

కిరణ్ గారూ, మంచి ప్రశ్నే. మంగళగిరి చీర కొనేటప్పుడు మా అత్తయ్య అంచు తిరగేసి వెనక పోగులు చూస్తారు. పెళ్లిలో ఆవిడ చీర అంచు ఎవరూ తిరగేయరు. అయినా కట్టుకున్నంతసేపూ అది మంచి నేత అని ఆవిడకి తెలుసు. వాచీ మీ చేతికే రోజూ ఉంటుంది, చుట్టాలు ఒక్క పూట చూసి వెళ్తారు.

లబ్బీపేట శ్రీ
ఆదివారం రాత్రి 9:20

ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని. బాబాయ్ గారు డయల్ పోతే మొహం పోయినట్టే అన్నారు కదా, అందుకని రాస్తున్నాను.

మా తాతగారి వెస్ట్ ఎండ్ వాచీ ఒకటి నాకు వచ్చింది. తెల్ల డయల్ మీద గోధుమ రంగు నీడ పడింది. ఆరు అంకె పక్కన శనగగింజంత పసుపు మరక. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని ఆ మరకని చందమామ అనేదాన్ని. నాలుగేళ్ల క్రితం వాచీ ఆగిపోతే ఒక షాపులో సర్వీసింగ్‌కి ఇచ్చాను. ఏ షాపో చెప్పను. పది రోజులకి తిరిగిచ్చారు. వాచీ నడుస్తోంది. డయల్ మాత్రం మెరిసిపోతోంది. కొత్తగా రంగు వేసి, కంపెనీ పేరు మళ్లీ ప్రింట్ చేశారట. పేరులో అక్షరాలు కొంచెం లావుగా, పక్కకి జరిగి ఉన్నాయి. నా మరక లేదు. 'మేడమ్, పాతగా ఉందని మేమే చేశాం, దానికి డబ్బులు తీసుకోలేదు' అన్నారు. వాళ్లు మంచి చేశామనే అనుకున్నారు. నేను షాపులోనే ఏడ్చాను. అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

సాయి గారూ, ఏది కొన్నా రేపు సర్వీసింగ్‌కి ఎవరికిస్తారో ఇప్పుడే అనుకోండి. కొత్తదానికే కాదు, జనతాకి కూడా.

వన్‌టౌన్ బాబాయ్
సోమవారం ఉదయం 5:55

శ్రీ తల్లీ, చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మా వృత్తివాళ్లు చేసే పెద్ద తప్పు ఇది. పాత డయల్‌కి కొత్త రంగు వేసి అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయని మొదలైంది, చివరికి కస్టమర్ అడగకపోయినా అదే మేలు అనుకునేదాకా వచ్చింది. నేను కూడా చిన్నప్పుడు, మా గురువుగారు ఊళ్లో లేనప్పుడు, ఒక డయల్‌ని స్పిరిట్‌తో తుడిచాను. దూదితో పాటు అంకెలు కూడా వచ్చేశాయి. ఆ దూది ఇప్పటికీ గుర్తుంది నాకు.

అందరూ ఈ పద్ధతి పెట్టుకోండి. సర్వీసింగ్‌కి ఇచ్చేముందు డయల్‌ని దగ్గరగా ఫొటో తీయండి. రసీదు మీద 'డయల్, ముళ్లు మార్చవద్దు, తుడవవద్దు, పాలిష్ వద్దు' అని రాయించి సంతకం తీసుకోండి. మార్చిన భాగాలన్నీ పొట్లంలో వెనక్కి ఇమ్మనండి. రాయనంటే వాచీ తీసుకుని వచ్చేయండి.

ఎనామిల్‌కి ఇంకో జాగ్రత్త ఉంది. అది గాజు కాబట్టి ఎండకి వెలవదు, ఏళ్లు గడిచినా పసుపెక్కదు. నా దగ్గరికి వచ్చిన పాత జేబు గడియారాల్లో మూత తుప్పు పట్టి, మెషీన్ బిగుసుకుపోయినా, ఎనామిల్ డయల్ మాత్రం పాల మీగడలా ఉండేది. కానీ కింద పడితే పగులుతుంది. ముళ్లు ఎక్కించేటప్పుడు గట్టిగా నొక్కినా వెంట్రుకంత పగులు వస్తుంది. ఆ పగులు మళ్లీ కలవదు. ఎనామిల్ వాచీని కొత్త కుర్రాడి చేతికి ఇవ్వకండి.

పటమట ఆడిటర్
సోమవారం ఉదయం 10:40

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడానికి 2017 ఏప్రిల్ నుంచి చట్టం ఒప్పుకోదు, కాబట్టి కార్డో బ్యాంకు బదిలీయో వాడండి. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన చేతి గడియారాల మీద షాపువాళ్లు ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే తీసుకునే పన్ను) వసూలు చేయాలి, అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది. సాయి గారిది ఐదు లక్షలే కాబట్టి ఆ గొడవ లేదు. అక్కగారు విదేశం నుంచి తెస్తే మాత్రం ఎయిర్‌పోర్టులో చెప్పి సుంకం కట్టండి. చేతికి పెట్టుకొస్తే ఎవరూ అడగరు అని చెప్పేవాళ్ల మాట వినకండి.

పున్నమి ఘాట్ ప్రసాద్
సోమవారం సాయంత్రం 7:15

మన వాతావరణం గురించి ఎవరూ రాయలేదు. 2016 కృష్ణా పుష్కరాల్లో చేతికి వాచీతోనే మునిగాను. వెనక 30 మీటర్లు అని రాసి ఉంది, నీళ్లలో ఏమీ కాదనుకున్నాను. మర్నాటికి అద్దం లోపల ఆవిరి, వారానికి వెండి రంగు డయల్ అంచున బూడిద మచ్చ. ఆ 30 మీటర్ల లెక్క చేతులు కడిగేటప్పుడు పడే తుంపర్లకే సరిపోతుందని సర్వీస్ సెంటర్‌లో చెప్పారు. డయల్ మారిస్తే వాచీ ధరలో మూడోవంతు అవుతుందన్నారు. అలాగే ఉంచుకున్నాను.

ఇంకోటి. మే నెలలో ఇక్కడ తోలు బెల్టు వద్దండి. చెమటకి రెండు ఎండాకాలాల్లో కుళ్లిపోతుంది. యార్డులో మిర్చి ఘాటు కూడా ఉంటుంది. స్టీలు చైన్ తీసుకోండి, లేదా వేసవికి వేరే బెల్టు పెట్టుకోండి.

యార్డ్ సాయి, గుంటూరు
సోమవారం రాత్రి 10:30

అందరికీ దండాలు. రెండుసార్లు చదివాను. రెండోసారి అక్కకి ఫోన్‌లో చదివి వినిపించాను. స్కెలిటన్ మానేశాం. నాన్నకి ఎడమ కంటిలో శుక్లం మొదలైందని డాక్టర్ చెప్పి నెలైంది, బాబాయ్ గారు అడిగేదాకా దాన్నీ దీన్నీ కలిపి ఆలోచించలేదు.

ఒక సందేహం. ఆ తెల్ల ఎనామిల్ జపాన్‌ది, సీకో ప్రెసాజ్. ఆటోమేటిక్ అట. చేతి కదలికకే స్ప్రింగ్ చుట్టుకుంటుందట. మరి నాన్న కీ ఇచ్చే అలవాటు? టైం ఎంత తేడా వస్తుంది? ధర లక్షకి అటూ ఇటూ చెప్తున్నారు, మిగతా డబ్బు ఏం చేయాలో కూడా తెలియట్లేదు.

ఆటోనగర్ లేత్
మంగళవారం ఉదయం 7:50

ఆ వాచీల్లో వేసే 6ఆర్ మెషీన్లకి ఆటోమేటిక్‌తో పాటు చేత్తో కీ ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. కాబట్టి అలవాటు పోదు. వాటిలో 6ఆర్35 పూర్తిగా చుట్టితే దాదాపు 70 గంటలు నడుస్తుంది. గంటకి 21,600 దెబ్బలు, అంటే సెకనుకి ఆరు. జనతాది 18,000, సెకనుకి ఐదు. రెండూ చెవి దగ్గర పెట్టుకుంటే తేడా వినపడుతుంది.

టైం విషయంలో ముందే తెలిసి ఉండు. కంపెనీ చెప్పే లెక్క రోజుకి 25 సెకన్లు ముందుకి, 15 సెకన్లు వెనక్కి. స్విస్ క్రోనోమీటర్ పరీక్ష పాసైన వాటికి 6 సెకన్లు ముందుకి, 4 వెనక్కి. నాన్నగారు రేడియో వార్తలకి సరిచూసుకునే మనిషైతే వారానికొకసారి సరిచేసుకోవాలి. నువ్వు ఈ వాచీకి పెట్టే డబ్బు డయల్‌కి. మెషీన్ గట్టిది, కానీ ఆ ధరలో మెషీన్ పరంగా ఇంతకంటే మంచివి ఉన్నాయి. తెలిసి కొను.

కొత్తపేట లక్ష్మి
మంగళవారం ఉదయం 9:05

షోరూంకి మళ్లీ వెళ్తే మూడు చోట్ల చూడండి. ముళ్లు బిగించిన మధ్య రంధ్రం అంచు, డయల్ బయటి అంచు, తేదీ గడి ఉంటే దాని అంచు. కొలిమిలో కరిగిన గాజు అంచు దగ్గర మెల్లగా గుండ్రమై దిగుతుంది, వాన నీటి బొట్టు అంచులా. చల్లగా పోసే రెసిన్‌ని కూడా కొందరు ఎనామిల్ అనే అమ్ముతారు. అది బల్లపరుపుగా ప్లాస్టిక్ మెరుపుతో ఉంటుంది. కంటికి నమ్మకం చాలకపోతే కంపెనీ కాగితంలో ఏం రాశారో చదవండి. గ్రాండ్ ఫూ అనో, కొలిమిలో కాల్చిందనో స్పష్టంగా ఉండాలి.

పెడన అచ్చు
మంగళవారం మధ్యాహ్నం 2:20

మధ్యలో వస్తున్నాను. మాది పెడన, కలంకారీ అచ్చుల పని. ఈ చర్చ చదివినప్పటి నుంచి ఒక ఆలోచన వదలట్లేదు. జపాన్ వాళ్లు అరిటా ఊరి పింగాణీతో, నగోయాలో ఆండో వాళ్ల ఎనామిల్‌తో డయల్ చేయించి ఆ ఊళ్ల పేర్లు చెప్పి మరీ అమ్ముతున్నారు. మన టేకు అచ్చు మీద చెక్కిన లతనో, అమరావతి స్తూపం మీది పద్మాన్నో ఒక డయల్ మీద చూడాలని ఉంది. అమరావతి పద్మం గుండ్రంగానే ఉంటుంది, రేకులు వరుసలుగా బయటికి విచ్చుకుంటాయి. కొలతలు గీసి చూశాను, గంటల గుర్తులు ఆ రేకుల కొసల మీద సరిగ్గా కూర్చుంటాయి.

ఆటోనగర్ లేత్
మంగళవారం మధ్యాహ్నం 2:55

ఆ బొమ్మ పంపండి. ఇత్తడి బిళ్ల మీద చెక్కి చూద్దాం. నిజంగా చెప్తున్నాను, ప్రైవేట్ మెసేజ్ పెట్టాను.

యార్డ్ సాయి, గుంటూరు
ఆదివారం సాయంత్రం 6:30

ఈ రోజు మళ్లీ వెళ్లాం. ఈసారి అమ్మని తీసుకెళ్లాను. భూతద్దం అడిగితే ఆ అబ్బాయి సంతోషంగా తెచ్చాడు. కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను.

నీలం గీతల డయల్ ముందు చూశాం. గీతల శిఖరాలు మొద్దుగానే ఉన్నాయి. 'అచ్చా, కోసిందా' అని అడిగితే లోపలికి వెళ్లి కనుక్కొచ్చి అచ్చు అని చెప్పాడు. దాచకుండా చెప్పినందుకు థాంక్స్ చెప్పాను.

తర్వాత తెల్లది. మామూలుగా చూస్తే తెల్ల కాగితంలా ఉన్నది, భూతద్దంలో చూస్తే వేరే వస్తువు. తెలుపు పైన లేదు, లోపల ఎక్కడో ఉంది. గిన్నెలో పాల అడుక్కి చూస్తున్నట్టు. మధ్య రంధ్రం దగ్గర లక్ష్మిగారు చెప్పిన వాన బొట్టు అంచు కనిపించింది. నల్ల అంకెలు తెలుపు మీద కాస్త ఉబ్బి ఉన్నాయి. వాచీ వంచితే కిటికీ వెలుగు డయల్ మీద సన్నగా అలలాగా కదిలింది, పూర్తి సమతలం కాదు. అమ్మ చూసి, 'మా పుట్టింట్లో పింగాణీ జాడీ మూత లోపల ఇలాగే ఉండేదిరా' అంది. ఇంక మేం మాట్లాడుకోలేదు. హైదరాబాద్ నుంచి సీలు విప్పనిది తెప్పిస్తామన్నారు, అడ్వాన్స్ ఇచ్చేశాం. స్టీలు చైన్ విడిగా తీసుకుంటున్నాం.

మిగిలిన డబ్బు గురించి అమ్మే తేల్చింది. షష్టిపూర్తికి నాన్న దగ్గర పనిచేసే హమాలీలందరికీ బట్టలు పెడదామంది.

కిరణ్, బెంజ్ సర్కిల్
ఆదివారం రాత్రి 8:00

సాయి, నిన్న నేను కూడా ఒక షాపులో భూతద్దం అడిగి చూశాను. నా చేతికున్న వాచీనే. డయల్ మీద గీతలనుకున్నవి ప్రింట్. నేనిచ్చిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

వన్‌టౌన్ బాబాయ్
సోమవారం ఉదయం 6:05

మంచి పని చేశావు సాయీ. జనతా సంగతి మర్చిపోవద్దు. 17 రాళ్ల మెషీన్ అది, ఇరుసులు అరగకుండా వేసే రాళ్లు. జపాన్ సిటిజన్ సాయంతో 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ మొదలైంది. అలాంటి గట్టి మెషీన్లు నా బల్ల మీదికి ఎన్ని వచ్చాయో లెక్కలేదు. ఆ కంపెనీ వాచీల విభాగం మూతపడినా విడిభాగాలు ఇంకా దొరుకుతాయి. కడిగి ఆయిలింగ్ చేస్తే చాలు. నా శిష్యుడొకడు ఉన్నాడు, డయల్ ముట్టుకోడు. వాచీ తీసుకురా, దగ్గరుండి చేయిస్తాను.

యార్డ్ సాయి, గుంటూరు
మార్చి మొదటి వారం, శుక్రవారం ఉదయం 7:10

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఫంక్షన్ బాగా జరిగింది. వాచీ ఇచ్చినప్పుడు నాన్న పెద్దగా ఏమీ అనలేదు. పెట్టె మూత తీసి, కళ్లజోడు పైకి జరుపుకుని, చాలాసేపు దగ్గరగా పెట్టుకుని చూశారు. 'గాజా?' అన్నారు. అంతే. మా అందరికీ భూతద్దం కావాల్సివచ్చింది, ఆయనకి అక్కర్లేకపోయింది.

ఇప్పుడు పొద్దున కాఫీ గ్లాసు పక్కన రెండు వాచీలు ఉంటున్నాయి. ముందు జనతాకి కీ ఇస్తారు, తర్వాత దీనికి. యార్డుకి జనతా, బయటికి వెళ్తే ఇది. బాబాయ్ గారూ, ఈ రోజు ఆయన ఒకటి అడగమన్నారు. జనతాకి కీ ఇస్తుంటే చివర్లో గట్టిగా అడ్డుపడి ఆగుతుంది, అక్కడ ఆపేస్తారు. దీనికి ఎంత తిప్పినా ఆగట్లేదట. స్ప్రింగ్ తెగిపోతుందేమోనని టెన్షన్ పడుతున్నారు. ఎన్ని తిప్పులు తిప్పాలి?

వన్‌టౌన్ బాబాయ్
శుక్రవారం ఉదయం 7:25

ఏమీ భయపడొద్దని చెప్పు బాబూ. జనతా స్ప్రింగ్ చివర కొక్కేనికి పట్టి ఉంటుంది, అందుకే నిండగానే ఆగుతుంది. ఆటోమేటిక్ స్ప్రింగ్ చివర డబ్బా గోడకి ఆనుకుని ఉంటుంది, నిండాక కొంచెం కొంచెంగా జారుతుంది, తెగదు. రోజూ చేతికి పెట్టుకుంటే కీ అవసరమే లేదు. రెండు మూడు రోజులు పక్కన పెట్టి ఆగిపోయినప్పుడు ముప్పై తిప్పులు ఇస్తే చాలు. ఆయనకి పొద్దున్నే కీ ఇవ్వాలనిపిస్తే పది తిప్పులు, మెల్లగా. వేళ్లు పొడిగా ఉండాలి.